ప్రతినాయకుని పూర్వపక్షము

మన శాస్త్రకారులు వాదమునకు ఒక మర్యాద ఏర్పరచిరి. ఎదుటివాని మతమును మొదట, అతడు స్వయముగ చెప్పుకొన్నంత బలముగ నిలుపవలెను. అది పూర్వపక్షము. దానిని యుక్తితో ఖండించి తన మతమును స్థాపింపవలెను. అది సిద్ధాంతము. పూర్వపక్షము బలహీనమైనచో సిద్ధాంతమునకు గౌరవము లేదు. సమాధానమే చెప్పనిచో పూర్వపక్షమే గెలిచినట్లు. కథకును ఈ మర్యాద వర్తించును. కథలో ప్రతినాయకుడే పూర్వపక్షము.

చోడవరమున మా విద్యార్థులు తీరిక వేళల వాదించుకొను కథలలో వైజ్ఞానిక కల్పనలకు ఇప్పుడు పెద్దపీట. సినిమాలే కాదు, వీడియో గేముల కథలును అందులో ఉన్నవి. వారి వాదములలో ఒక విశేషము కలదు. అంతరిక్షనౌక కాంతిని మించిన వేగముతో ఎట్లు పోవునని ఎవరును అడుగరు. ‘అంతటి బలవంతుడు ఆ పని ఎందుకు చేసెను?’ అని మాత్రము పట్టుపట్టి అడుగుదురు. ఇది సరియైన ప్రశ్న. 1951లో వచ్చిన ‘పాతాళభైరవి’ని చూచినవారు ప్రతిమ వరము లెట్లిచ్చునని అడుగలేదు. నేపాళ మాంత్రికునకు ఆ ప్రతిమ కావలెను. దానికై సాహసవంతుడైన యువకుని బలి ఈయవలెను. అందుకే తోటరాముని చేరదీసెను. మాయను ఒప్పుకొన్నచో మిగిలినదంతయు లెక్కవలె నడచును. కథలో మాయకు మినహాయింపు కలదు గాని ఉద్దేశమునకు లేదు.

ఈ మర్యాద తప్పినందుకు లోకమంతట తగవు పుట్టిన వీడియో గేము ‘మాస్ ఎఫెక్ట్’. కెనడా దేశపు బయోవేర్ సంస్థ దానిని 2007, 2010, 2012 సంవత్సరములలో మూడు భాగములుగ వెలువరించినది. అందు రీపర్లు అను మహాయంత్రములు ఏబదివేల యేండ్ల కొకమారు వచ్చి, పరిణతి చెందిన నాగరికతలను పంటవలె కోసికొనిపోవును. ఎందుకు? సమాధానము మూడవ భాగము చివర వచ్చును. ప్రాణులు యంత్రములను సృష్టించును. యంత్రములు తిరుగబడి ప్రాణులను సమూలముగ నశింపజేయును. అట్టి సర్వనాశము కలుగకుండ ముందే కోత కోసి, వారి సారమును భద్రపరచుచున్నామని ఆ యంత్రములను నడపు బుద్ధి చెప్పును. యంత్రములు చంపునను భయముతో యంత్రములచేత చంపించుట! అదే సంవత్సరము వెలువడిన అనుబంధ కథలో, ఈ బుద్ధిని సృష్టించిన జాతియే దానికి మొదటి ఆహారమైనదని తెలియును. భస్మాసురుని కథ తెలిసిన మనకు ఇది వింత కాదు.

ఆటగాండ్రకు కోపము తెప్పించినది ఈ వాదము కాదు, దానికి బదులు లేకపోవుట. అదే ఆటలో గెత్‌లను యంత్రజాతికిని, వారిని సృష్టించిన క్వేరియన్లకును ఆటగాడు సంధి కుదుర్పవచ్చును. మొదటినుండి జాగ్రత్తగ ఆడినవానికి ఆ ఫలము దక్కును. కాని తుది ఘట్టమున ఆ సంధిని సాక్ష్యముగ చూపి వాదించు అవకాశము అతనికి ఈయలేదు. కథయే కన్న సాక్షిని కథయే పిలువలేదు. 2012 మార్చిలో ఆట వెలువడగ అభ్యంతరములు వెల్లువెత్తినవి. జూన్‌లో సంస్థ ముగింపును విస్తరించి ఉచితముగ ఇచ్చినది. అందు ‘ఒప్పుకొనను’ అని నిరాకరించు దారి చేరినది గాని, ఆ మాటకు ఫలము పరాజయమే.

మన తెలుగున ఇట్టి వాదమునకు తావిచ్చిన చిత్రము, 2024 జూన్ 27న విడుదలయిన, నాగ్ అశ్విన్ దర్శకత్వము వహించిన ‘కల్కి 2898 ఏడీ’. భూమి ఎండిపోయినది. కాశిపై తలక్రిందులైన పిరమిడ్డువలె కాంప్లెక్స్ నిలిచి నేలమీది సమస్తమును పైకి లాగుకొనుచున్నది. చెఱకు పండించు మా ప్రాంతమువారికి దానిని వేరుగ వర్ణింపనక్కరలేదు. అది గానుగ, రసము పైవారికి, పిప్పి క్రిందివారికి. దాని అధిపతి సుప్రీమ్ యాస్కిన్ గర్భవతుల నుండి తీసిన ద్రవముతో తన శిథిలదేహమును నిలుపుకొనజూచును. ఇది కేవలము ప్రాణభీతి అయినచో అతడు సామాన్యుడే. కాని ఎన్ని యుగములు గడచినను, ఎన్ని అవకాశము లిచ్చినను మనిషి మారడని అతని మతము. కావున తానే క్రొత్త లోకమును నిర్మింపవలెనని సంకల్పము.

చిత్రాంతమున అతడు శ్రీశ్రీ ‘జగన్నాథుని రథచక్రాలు’ పంక్తులను పలుకును. 1910లో విశాఖపట్టణమున పుట్టిన కవి, అణగారినవారికి ధైర్యము చెప్పుటకు వ్రాసిన కవిత అది. అణచువాని నోట ఆ కవిత తగునా యని కొందరు నొచ్చుకొనిరి. నా మట్టుకు అదియే పూర్వపక్షమునకు పరమబలము. తనను తాను దుష్టుడనుకొనువాడు ప్రమాదకారి కాడు. తానే విమోచకుడ ననుకొనువాడు ప్రమాదకారి. అయితే కవి ఆ రథమును ఎవరికొరకు దింపెదనన్నాడో, యాస్కిన్ వారినే చక్రముల క్రింద వేయుచున్నాడు. మాట కవిది, చేత గానుగది. ఆ ఎడమే వాని గుట్టును బయట పెట్టును.

మరి సిద్ధాంతమెక్కడ? తిక్కన తెనిగించిన సౌప్తికపర్వమున ఉత్తర గర్భముపై అస్త్రము విడిచినవాడు అశ్వత్థామ. ఈ చిత్రమున, వేల యేండ్ల తరువాత, సుమతి గర్భమునకు కావలి నిలిచినవాడును అశ్వత్థామయే. మనిషి మారడను వాదమునకు ఇంతకు మించిన ఖండనము లేదు. శాపవిమోచనము కొరకే నిలిచెను గదా యని మా విద్యార్థి యొకడు ఆక్షేపించెను. మంచి ఆక్షేపమే. కాని సుమతిని శంబలకు చేర్చు యత్నమున ప్రాణము విడిచిన కైరాకు శాపము లేదు, వరమును లేదు. ఆమె సాక్ష్యమును ఎవరు త్రోసిపుచ్చగలరు?

చిత్రము కథను ముగింపక తరువాతి భాగమునకు విడిచినది. గాండీవము నెత్తిన యాస్కిన్‌ను బాణములతో గెలుచుట సులభము; ఆ పని ఏ కథానాయకుడైనను చేయును. అశ్వత్థామను, కైరాను సాక్షులుగ నిలిపి అతని మాటకు మాట చెప్పుట కష్టము. సాక్షులు కథలోనే సిద్ధముగ ఉన్నారు. వారిని పిలుచుట రచయిత ధర్మము.