నీటి పక్షులకు మేత వేస్తే చెరువుకే చేటు

వికారాబాద్: ఈ ప్రాంత రైతులకు కోట్‌పల్లి ప్రాజెక్టు కొత్త కాదు. 1967లో సాగునీటి కోసం కట్టిన ఈ చెరువుకు ఇటీవలి కాలంలో విహార స్థలమన్న పేరు కూడా తోడయింది. సెలవు రోజు వస్తే హైదరాబాద్ జనం అనంతగిరి గుట్టలు చూసి ఇటు మళ్లుతారు.

ఒడ్డున బాతో, నీటికోడో కనబడితే పిల్లలు ముచ్చటపడి బ్రెడ్డు, మరమరాలు విసరడం ఏ చెరువు దగ్గరైనా వున్నదే. పుణ్యమే కదా అని పెద్దలూ ఊరుకుంటారు. చిక్కు అక్కడే మొదలవుతుంది.

నాచు, గడ్డి, పురుగులు తినే పక్షి మేత కోసం చెరువంతా తిరుగుతుంది. ఊరికే తిండి దొరికితే ఒకేచోట గుంపు కడుతుంది. రెట్టలో వుండే నత్రజని, భాస్వరం పొలానికి ఎరువైనట్లే నాచుకూ ఎరువు. ఎండాకాలం నీరు తగ్గినపుడు నాచు కమ్మి కుళ్లితే ప్రాణవాయువు చాలక చేపలు చస్తాయి. రెట్టతో వచ్చే ఒక సన్నపురుగు నత్తలలో పెరిగి, నీటిలో దిగినవారికి దద్దుర్లు, దురద తెస్తుంది.

అమెరికాలో ఒకప్పుడు తరిగిపోయిన కెనడా బాతులను కాపాడి పెంచగా, పార్కుల చెరువుల వద్ద అవే బెడదయ్యాయి. 2009 జనవరి 15న న్యూయార్కులో వీటి గుంపు తగిలి ఇంజన్లు చెడగా, ఒక విమానాన్ని హడ్సన్ నదిలో దింపవలసి వచ్చింది. అందులోని 155 మందీ బతికి బయటపడ్డారు. అక్కడ అనేక పట్టణాలలో పక్షులకు మేత వేయడాన్ని నిషేధించారు.

బర్డ్ ఫ్లూ భయమూ వుంది. 2025 ఫిబ్రవరిలో ఉభయ గోదావరి జిల్లాల కోళ్ల ఫారాలను అది దెబ్బతీసింది. నీటి పక్షులు ఆ వైరస్‌ను మోయగలవు. కనుక పెరటి కోళ్లను, బాతులను చెరువులోకి వదలరాదు. చచ్చిన పక్షిని చేతితో ముట్టక పశువైద్యశాలకు తెలపాలి.

నీలి నీటికోళ్లు నారు పాడుచేస్తున్నాయని విషపు గింజలు చల్లడం మాత్రం తగదు. 1972 వన్యప్రాణి రక్షణ చట్టం ప్రకారం అది నేరం. పైగా ఆ నీరే పశువులు తాగుతాయి, ఆ చేపలే మనం తింటాం. నాటు వేసిన తొలి వారాలలో కాపలా, మెరిసే రిబ్బన్లు చాలావరకు పని చేస్తాయి.

పక్షి వాలని చెరువు మంచి చెరువు కాదు. దానిని దాని మేతకు వదిలేస్తే చాలు. "పక్షులకు మేత వేయరాదు" అన్న బోర్డులు గట్టుమీద పెట్టేందుకు అధికారులు, పంచాయతీలు పూనుకోవలసి వుంది.