కాపర్-టి: భయం ఎంత? ప్రయోజనం ఎంత?

1965లో భారత ప్రభుత్వం కుటుంబ నియంత్రణ కార్యక్రమంలో 'లూప్'ను ప్రవేశపెట్టినప్పుడు దానిపై గొప్ప ఆశలు ఉండేవి. కొద్ది సంవత్సరాలకే ఆ ఉత్సాహం సన్నగిల్లింది. రక్తస్రావంతో బాధపడిన స్త్రీలను తరువాత పరీక్షించే ఏర్పాట్లు చాలినంతగా లేకపోవడంతో వదంతులు బలపడ్డాయి. లూప్ స్థానంలో కాపర్-టి వచ్చినా, దానివల్ల గర్భాశయానికి ఇన్ఫెక్షన్ సోకి, ఇక సంతానం కలగదేమోనన్న భయం మాత్రం పూర్తిగా తొలగలేదు.

ఈ భయానికి కొంత ఆధారం లేకపోలేదు. అమెరికాలో 1971–74 మధ్య విక్రయించిన 'డాల్కన్ షీల్డ్' అనే సాధనానికి అనేక పోగులతో కూడిన దారం ఉండేది. దీపపు వత్తి నూనెను పైకి లాగినట్లు, ఆ దారం సూక్ష్మజీవులను గర్భాశయంలోకి చేర్చేది. ఎందరో స్త్రీలు వ్యాధిగ్రస్తులయ్యారు, కొందరు మరణించారు. కాపర్-టికి ఉండేది ఒంటిపోగు దారం.

అయితే ప్రమాదం ఎప్పుడు ఎక్కువ? ప్రపంచ ఆరోగ్య సంస్థ దాదాపు 23 వేల సందర్భాలను పరిశీలించగా వెల్లడైన విషయాలు 1992లో ప్రచురితమయ్యాయి. సాధనాన్ని అమర్చిన తొలి 20 రోజులలో ఇన్ఫెక్షన్ రేటు తరువాతి కాలపు రేటుకు ఆరు రెట్లకు మించి ఉంది. ఆపైన అది వెయ్యిమంది స్త్రీలకు సంవత్సరానికి ఒకటి రెండు కేసుల స్థాయికి తగ్గింది. అనగా ప్రమాదానికి ముఖ్య కారణం లోపల ఉన్న సాధనం కాదు. అమర్చే సమయంలోని అపరిశుభ్రత, అప్పటికే ఉన్న సుఖవ్యాధి. మెక్సికోలో జరిగి 2001లో ప్రచురితమైన అధ్యయనం కూడా గర్భనాళాలు మూసుకుపోవడానికి కాపర్ సాధనంతో సంబంధం కనిపించలేదనీ, క్లమీడియా వ్యాధితో కనిపించిందనీ తెలిపింది.

ఇక ప్రయోజనం వైపు చూద్దాం. కాపర్-టి 380ఎ వాడే ప్రతి నూరుమందిలో మొదటి సంవత్సరం గర్భం ధరించేవారు ఒకరికంటే తక్కువే. అది పదేళ్లు పనిచేస్తుంది. తీసివేస్తే మళ్లీ గర్భధారణ సాధ్యమవుతుంది. అవాంఛిత గర్భం, అరక్షిత గర్భస్రావం తెచ్చే రక్తస్రావం, ఇన్ఫెక్షన్ కూడా ఈ త్రాసులో తూచవలసినవే.

క్లమీడియా, గనేరియా, చీముతో కూడిన స్రావం ఉన్నవారికి చికిత్స పూర్తయ్యేవరకు కాపర్-టి అమర్చరాదు. అమర్చిన పిదప పొత్తికడుపు నొప్పి, జ్వరం, దుర్వాసన గల స్రావం కనిపిస్తే వెంటనే వైద్యులను సంప్రదించాలి. సాధారణంగా సాధనాన్ని తీయకుండానే చికిత్స చేయవచ్చు. గుణం కనిపించకపోతే తీసివేస్తారు. సుఖవ్యాధుల నుండి కాపర్-టి రక్షించదు. అందుకు నిరోధ్ ఆవశ్యకం.

ముందు పరీక్ష, అమర్చడంలో శుభ్రత, తరువాత పర్యవేక్షణ – ఈ మూడూ ఉన్నచోట ప్రయోజనమే అధికం. వీటిలో లోపం జరిగినందువల్లనే నాడు లూప్ అపనిందల పాలైంది. లాభనష్టాలు రెండూ తెలిసిన స్త్రీ తానుగా చేసుకొనే నిర్ణయమే ఈ కార్యక్రమానికి నిజమైన పునాది.