చంద్రుడి నుంచి ఇంటి తెర దాకా

1969లో అపోలో 11 వ్యోమగామి నీల్ ఆర్మ్‌స్ట్రాంగ్ చంద్రుడి మీద కాలు మోపిన దృశ్యాన్ని టీవీలో దాదాపు 60 కోట్ల మంది చూశారని అంచనా. అంటే ఆనాటి ప్రపంచ జనాభాలో సుమారు ఆరో వంతు. అమెరికా తూర్పు తీరంలో అది జూలై 20 రాత్రి 10:56. బ్రిటన్‌లో మర్నాడు తెల్లవారుజాము నాలుగు గంటలు కావస్తోంది. ఆస్ట్రేలియా తూర్పు తీరంలో సోమవారం మధ్యాహ్నం. అక్కడ చాలా బడుల్లో పిల్లల్ని టీవీ ముందు కూర్చోబెట్టారు, కొన్ని బడులు టీవీ చూడమని ఇళ్లకు పంపేశాయి. న్యూయార్క్ సెంట్రల్ పార్కులో, లండన్ ట్రఫాల్గర్ స్క్వేర్‌లో పెద్ద తెరల ముందు జనం గుమిగూడారు.

ఆ రోజు చూసినవారి జ్ఞాపకాల్లో ఒక చిత్రమైన కలగాపులగం ఉంది. వ్యోమగాముల్ని దింపిన నౌక ఈగిల్ చంద్రుడి మీద దిగుతుండగా టీవీలో చూశామని చాలామంది నమ్మకంగా చెబుతారు. నిజానికి ఆ దిగడం ప్రత్యక్ష ప్రసారం కాలేదు. ఆ నిమిషాల్లో ప్రేక్షకులు విన్నది వ్యోమగాములకూ హ్యూస్టన్‌లోని నియంత్రణ కేంద్రానికీ మధ్య నడిచిన మాటలు, చూసింది టీవీ సంస్థలు ముందే సిద్ధం చేసుకున్న నమూనాలు, యానిమేషన్ బొమ్మలు. ఈగిల్ కిటికీలోంచి 16 మిల్లీమీటర్ల ఫిల్మ్ మీద తీసిన అసలు దృశ్యాలు, జూలై 24న వ్యోమగాములు భూమికి తిరిగొచ్చాకే జనానికి అందాయి. రంగుల ఫొటోలూ అంతే. తర్వాత చూసిన ఆ రంగులన్నీ మొదటి రాత్రి జ్ఞాపకంలో కలిసిపోయాయి. ఆ రాత్రి ఇళ్లలో కనిపించింది మసకబారిన నలుపు తెలుపు బొమ్మ మాత్రమే. అయినా దాని విలువ తక్కువేం కాదు. చంద్రుడి మీద ఫొటో కెమెరా ఎక్కువసేపు ఆర్మ్‌స్ట్రాంగ్ చేతిలోనే ఉండటంతో ఫొటోల్లో దాదాపు అంతటా తోటి వ్యోమగామి బజ్ ఆల్డ్రినే కనిపిస్తాడు. తొలి మానవుడు అక్కడ నడిచిన తీరును చూపించేవి ప్రధానంగా ఆ టీవీ దృశ్యాలూ, 16 మిల్లీమీటర్ల ఫిల్మూ.

బొమ్మ మసకగా ఉండటానికి కారణం కెమెరా ఒక్కటే కాదు. వెస్టింగ్‌హౌస్ సంస్థలో స్టాన్ లెబార్ బృందం తయారుచేసిన ఆ కెమెరా బరువు మూడు కిలోల పైచిలుకు. ఈగిల్ నుంచి భూమికి వచ్చే ఒకే రేడియో సంకేతంలో మాటలు, యంత్రాల వివరాలు, వ్యోమగాముల గుండె కొలతలు అన్నీ ఇరకాలి. బొమ్మకు మిగిలిన చోటు చాలా తక్కువ. అందుకే సెకనుకు 10 ఫ్రేములు, ఫ్రేముకు 320 గీతలతో సరిపెట్టారు. అమెరికన్ ఇళ్లలోని టీవీలకు కావలసింది సెకనుకు 30 ఫ్రేములు, 525 గీతలు. ఈ తేడాను పూడ్చడానికి, వచ్చిన బొమ్మను ఒక మంచి తెర మీద చూపించి, దానికెదురుగా మామూలు టీవీ కెమెరా పెట్టి మళ్లీ తీశారు. నీడల్లోని సూక్ష్మమైన ఛాయలు చాలావరకు ఇక్కడే పోయాయి. సంకేతాన్ని అందుకున్న భూకేంద్రాల్లోని సిబ్బంది చూసిన బొమ్మ, ఇళ్లలో చూసిన దానికంటే ఎంతో స్పష్టంగా ఉండేది.

కెమెరాను ఈగిల్ పక్క అరలో తలకిందులుగా అమర్చారు. నిచ్చెన దిగబోతూ ఆర్మ్‌స్ట్రాంగ్ తాడు లాగగానే అర తెరుచుకుంది. మొదటి కొన్ని క్షణాలు బొమ్మ తలకిందులుగానే కనిపించింది, భూమ్మీద స్విచ్ మార్చాక సరయింది. ముందు కాలిఫోర్నియాలోని గోల్డ్‌స్టోన్ కేంద్రం పంపిన బొమ్మల్లో నలుపు మరీ ఎక్కువైంది. అందుకే మొదటి అడుగు కాన్‌బెర్రా దగ్గరి హనీసకిల్ క్రీక్ నుంచి ప్రసారమైంది. అక్కడి యాంటెన్నా వ్యాసం 26 మీటర్లే. ఆస్ట్రేలియాలోనే పార్క్స్‌లో 64 మీటర్ల పెద్ద డిష్ ఉంది గాని, అక్కడ చంద్రుడు ఇంకా తగినంత ఎత్తుకు రాలేదు. పైగా గంటకు 110 కిలోమీటర్ల వేగంతో గాలి దెబ్బలు. ఆ గాలిలోనూ సిబ్బంది పని ఆపలేదు. ప్రసారం మొదలైన సుమారు తొమ్మిది నిమిషాల తర్వాత పార్క్స్ బొమ్మ అందింది, రెండున్నర గంటల నడకలో మిగిలినదంతా దాని నుంచే సాగింది. చరిత్ర పుస్తకాలు ఈ సిబ్బందికి ఇంకొంచెం చోటివ్వాలి.

భారత కాలమానం ప్రకారం ఆ మొదటి అడుగు పడింది జూలై 21 ఉదయం 8:26కి. అప్పటికి దేశంలో టీవీ ఢిల్లీలో తప్ప లేదు. హైదరాబాద్ దూరదర్శన్ కేంద్రం మొదలైంది 1977లో. కనుక తెలుగునాట ఆ తరానికి చంద్రయాత్ర రేడియోలో విన్న వార్త, తర్వాత పత్రికల్లో చూసిన ఫొటో.

భూకేంద్రాల్లో స్పష్టమైన మూల బొమ్మలను నమోదు చేసిన టేపుల కోసం నాసా 2000ల్లో గాలించింది. టేపుల కొరత ఉన్న కాలంలో వాటిని చెరిపి మళ్లీ వాడేసి ఉంటారని 2009లో తేల్చింది. మానవజాతి పోగొట్టుకున్న దస్త్రాల్లో ఇది నిజంగా బాధపెట్టేది. టీవీ సంస్థల దగ్గర మిగిలిన ప్రసార ప్రతులను సేకరించి, కంప్యూటర్లతో శుభ్రపరిచి, అదే ఏడాది 40వ వార్షికోత్సవానికి విడుదల చేశారు. ఇళ్లలోని టీవీల కోసం మార్చకముందు బొమ్మ ఎలా ఉండేదో చెప్పే ఆధారాల్లో ముఖ్యమైనది ఒక చిన్న ఫిల్మ్: హనీసకిల్ క్రీక్‌లో పనిచేస్తున్న ఒక సాంకేతిక నిపుణుడు, తన ముందున్న తెరను సొంత సూపర్ 8 కెమెరాతో తీసుకున్నది.