బార్జెల్లో బొంత: వస్త్రాల ఎంపిక, అమరికల పూర్వప్రణాళిక

వస్త్రఖండాలను కలిపి కుట్టే కళలలో బార్జెల్లో పద్ధతిది ఒక ప్రత్యేక స్థానం. చూపరులకు అది అలలుగానో, అగ్నిజ్వాలలుగానో గోచరిస్తుంది. కాని అందులో వంపు తిరిగిన కుట్టు ఒక్కటి కూడా ఉండదు. ఉన్నవన్నీ దీర్ఘచతురస్రాలే. ఈ భ్రాంతి ఎలా కలుగుతుందో, అందుకై కత్తెర పట్టకముందే ఏయే అంశాలు నిర్ణయం కావాలో పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

ఇటలీలోని ఫ్లారెన్స్ నగరంలో బార్జెల్లో అనే ప్రాచీన భవనం ఉంది. నేడది జాతీయ ప్రదర్శనశాల. అక్కడి 17వ శతాబ్దపు కుర్చీల మీది జ్వాలాకృతి కుట్టుపనికి ఆ భవనం పేరే స్థిరపడింది. అందులో నిలువు కుట్లు మెట్లు మెట్లుగా ఎక్కి దిగుతాయి. ఈ సోపాన సూత్రాన్నే క్విల్ట్ కళాకారులు దారం నుండి గుడ్డకు మార్చారు.

క్విల్ట్‌కు తెలుగులో ‘బొంత’ అన్న మాటే దగ్గరిది. ‘రజాయి’ దూది నింపిన కప్పుడుకు ఎక్కువగా నప్పుతుంది. అయితే తెలుగు పల్లెల్లో పాత చీరలు, పంచెలు పొరలుగా పేర్చి కుట్టే బొంతలో ఉన్న గుడ్డను బట్టి అమరిక ఏర్పడుతుంది. బార్జెల్లోలో ఈ క్రమం తలకిందులవుతుంది. అమరికను బట్టి గుడ్డను సమకూర్చుకోవాలి. ముందే లెక్క కట్టి నూలుకు రంగు అద్దే పోచంపల్లి ఇక్కత్ నేతకు ఈ విషయంలో ఇది సన్నిహితం.

నిర్మాణ విధానం

20 రకాల గుడ్డల నుండి రెండున్నర అంగుళాల వెడల్పు గల పట్టీలు కత్తిరించారనుకుందాం. కుట్టుకు ప్రతి అంచునా పావు అంగుళం పోగా ఒక్కొక్కటి 2 అంగుళాలు మిగులుతుంది. పట్టీలను వరుసగా కుట్టి, 20వ దానిని మొదటిదానితో కలిపితే 40 అంగుళాల చుట్టుకొలత గల గొట్టం తయారవుతుంది. దానిని అడ్డంగా కోస్తే వలయాలు వస్తాయి. ప్రతి వలయాన్నీ ఒక కుట్టు దగ్గర విప్పి నిలువు పట్టీగా మారుస్తారు. నాలుగో గుడ్డ పైకి రావాలంటే మూడు, నాలుగు గుడ్డల నడుమ కుట్టు విప్పాలి. అప్పుడు మూడోది అట్టడుగుకు చేరుతుంది. పక్క పట్టీలో ఐదో గుడ్డ పైకి వస్తే రంగుల వరుస ఒక మెట్టు పైకి జరుగుతుంది.

వెడల్పుల లెక్క

ఈ కళలో అందాన్ని రంగులకే ఆపాదించడం పరిపాటి. వాస్తవానికి అలను పుట్టించేది కోతల వెడల్పు. మెట్టు ఎత్తు ఎప్పుడూ 2 అంగుళాలే. కుట్టిన తరువాత పట్టీ వెడల్పు అర అంగుళమైతే రేఖ నిట్టనిలువుగా లేస్తుంది. రెండున్నర అంగుళాలైతే మెల్లగా వాలుతుంది. కనుక శిఖరం వద్ద, లోయ వద్ద వెడల్పు పట్టీలు, వాటి మధ్య వాలులో సన్నపట్టీలు రావాలి. వెడల్పు మార్పు క్రమంగా సాగకపోతే అల విరిగినట్లు కనిపిస్తుంది.

ఈ నిటారుతనానికి మూల్యం గుడ్డ రూపంలో చెల్లించవలసి వస్తుంది. ప్రతి కోతకూ అర అంగుళం కుట్టుకు పోతుంది. 40 అంగుళాల పొడవైన గొట్టాన్ని సగటున 2 అంగుళాల చొప్పున కోస్తే 20 వలయాలు వచ్చి, 30 అంగుళాల వెడల్పు దక్కుతుంది. అంగుళం చొప్పున కోస్తే దక్కేది 20 అంగుళాలే. సగం గుడ్డ కుట్లలోనే దాగిపోతుంది. 60 అంగుళాల బొంతకు మొదటి లెక్కన రెండు గొట్టాలు, రెండో లెక్కన మూడు అవసరం. ఈ తేడా సగం పని అయ్యాక తెలిస్తే అదే గుడ్డ మళ్లీ అంగడిలో దొరక్కపోవచ్చు. గళ్ల కాగితం మీద ప్రతి నిలువు వరుసకూ వెడల్పు, పైన నిలిచే గుడ్డ సంఖ్య ముందే రాసుకోవడం ఇందుకే.

గుడ్డల ఎంపిక

ఎరుపా, నీలమా అన్నదాని కన్నా లేత, ముదురు ఛాయల తరతమత ముఖ్యం. గుడ్డలను వరుసగా పేర్చి ఫోనులో నలుపు తెలుపు ఛాయాచిత్రం తీస్తే క్రమం తప్పిన గుడ్డ ఇట్టే బయటపడుతుంది. పెద్ద పువ్వుల అద్దకాలు అర అంగుళం ముక్కలో ఆనవాలు కోల్పోతాయి. దూరానికి ఒకే రంగుగా తోచే చిన్న అద్దకాలు మేలు. పలువురు విస్మరించే విషయం మరొకటి ఉంది. గొట్టంలో 20వ గుడ్డ మొదటిదానిని తాకుతుంది. లేత నుండి ముదురుకు ఏకముఖంగా సాగిన వరుసలో ఆ సంధి వద్ద గాఢమైన గీత ఏర్పడి అలలో ప్రస్ఫుటమవుతుంది. అది కోరుకున్నదైతే సరే. కాకుంటే వరుసను ముదురు నుండి మళ్లీ లేతకు తిప్పాలి.

గుడ్డల సంఖ్య సరిసంఖ్యగా ఉండడం వెనుక కూడా కారణముంది. కుట్టు అంచులన్నిటినీ సరిసంఖ్య గుడ్డల వైపే మడిచి ఇస్త్రీ చేస్తే, ఒక మెట్టు జరిగిన పక్క పట్టీలో అవి ఎదురు దిశలో ఉంటాయి. మడతలు ఒకదానిలో ఒకటి ఒదిగి, కూడళ్లు సూటిగా కలుస్తాయి. బేసి సంఖ్యలో గొట్టం మూసుకునే చోట ఈ క్రమం తప్పుతుంది. అక్కడ ప్రతి పట్టీలోనూ మడతను చేత్తో తిప్పుకోవాలి.