గోడ సున్నం, నత్త గుల్ల

వాన వెలిసిన సాయంత్రం ప్రహరీ గోడ మీద గుప్పెడంత నత్త. అక్కడ ఆకు లేదు, పాచి లేదు, ఉన్నదల్లా వెల్ల వేసిన సున్నమే. కాసేపు ఆగి చూస్తే విషయం తెలుస్తుంది. నత్త గోడను గీరి తింటోంది. దాని నాలుక మీద సన్నని పళ్లు వరసలుగా ఉంటాయి, ఆకురాయిలా పనిచేస్తాయి.

ఇది ఆఫ్రికా రాక్షస నత్త, శాస్త్రీయ నామం లిస్సాకాటినా ఫ్యూలికా. పుట్టిల్లు తూర్పు ఆఫ్రికా. 1847లో విలియం బెన్సన్ మారిషస్ నుంచి కలకత్తాకు తెచ్చాడు. అక్కడి నుంచి దేశంలో చాలా చోట్లకు పాకింది. బొప్పాయి, అరటి, కూరగాయలు ఏవీ వదలదు.

మరి సున్నం ఎందుకు? గుల్ల కోసం. గోడకు వేసిన సున్నం గాలిలోని బొగ్గుపులుసు వాయువును పీల్చుకుని కాల్షియం కార్బొనేట్‌గా గట్టిపడుతుంది. నత్త గుల్లలో ఉన్నదీ ప్రధానంగా అదే. తిన్న సున్నం కడుపులో కరిగి రక్తంలో చేరుతుంది. మాంటిల్ అనే మెత్తటి పొర దాన్ని గుల్ల అంచున స్ఫటికాలుగా పేరుస్తుంది. పైన ప్రొటీన్ పూత పూస్తుంది. గుల్ల ఎప్పుడూ అంచు దగ్గరే పెరుగుతుంది. కొనన ఉన్న బుల్లి చుట్టు గుడ్డులోంచి వచ్చిననాటిది. గుల్లకు సున్నం మొదటి నుంచీ కావాలి, అందుకే పిల్ల నత్త పుట్టగానే మొదట తినేది తన గుడ్డు పెంకునే. పెద్దదయ్యాక గుల్ల 20 సెంటీమీటర్ల దాకా సాగగలదు.

ఎండాకాలంలో ఈ గుల్లే దాన్ని కాపాడుతుంది. లోపలికి ముడుచుకుని, జిగురు పొరతో వాకిలి మూసి, నెలల తరబడి నిద్రపోతుంది. తొలకరికి లేచి, విడతకు వందకు పైగా గుడ్లు పెట్టగలదు.

దీన్ని వట్టి చేతులతో తాకవద్దు. ఎలుకల నుంచి సోకే ఒక నులిపురుగు లార్వాలు దీని ఒంట్లో ఉండవచ్చు. అవి మనిషి కడుపులోకి వెళ్తే మెదడు పొరలు వాచే ప్రమాదం ఉంది. పచ్చి కూరలు బాగా కడగాలి. నత్తలను చంపడానికి మొక్కల మొదట్లో ఉప్పు చల్లితే నేల కూడా పాడవుతుంది. పొద్దుగూకాక తడి గోనెసంచి కింద క్యాబేజీ ఆకులు పరిచి, తెల్లారేసరికి చేరిన నత్తలను తొడుగులు వేసుకుని ఏరి, ఉప్పునీటి బకెట్లో వేసి చంపి, దూరంగా పాతిపెట్టాలి.

ఖాళీ గుల్లలు కనిపిస్తే చితక్కొట్టండి. వాటిలో నిలిచిన వాననీటిలో దోమలు పెరుగుతాయి. చితికిన గుల్ల మాత్రం మెల్లగా కరిగి, గోడ నుంచి పోయిన సున్నాన్ని మట్టికి చేరుస్తుంది.