మునగాల పరగణా: సరిహద్దు బలం

మేడ్చల్, శామీర్‌పేటల సాహిత్య విద్యార్థులతో తెలంగాణ సాయుధ పోరాట నవలల గురించి మాట్లాడినప్పుడల్లా నన్నొక ప్రశ్న అడుగుతారు. పోరాటానికి నల్లగొండ, వరంగల్లు జిల్లాలు కేంద్రాలైనట్టు మన ప్రాంతం ఎందుకు కాలేదు? ఇక్కడి జనంలో చైతన్యం లేకనే అన్నది సులువైన జవాబు. సులువైనది గనుకనే దాన్ని శంకించాలి.

నాడు మేడ్చల్ తాలూకా అత్రాఫ్ బల్దా జిల్లాలో, నిజాం సొంత ఆదాయపు నేల అయిన సర్ఫెఖాస్‌లో ఉండేది. బొల్లారం, సికిందరాబాదు దండు దగ్గరే. రైలుమార్గం ఊరి మీదుగానే పోతుంది. తప్పించుకోదలచినవాడికి దరిదాపుల్లో మరో ప్రభుత్వపు నేల లేదు.

ఇప్పుడు మునగాల పరగణాను చూడండి. కోదాడకు, సూర్యాపేటకు నడుమ చుట్టూ నిజాం రాజ్యం ఉన్న చిన్న జమీందారీ అది. పాలన మాత్రం మద్రాసు రాష్ట్రంలోని కృష్ణా జిల్లాది. రాజా నాయని వెంకటరంగారావు, ఆయన దివాను కొమర్రాజు లక్ష్మణరావు 1901లో హైదరాబాదులో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయ స్థాపనకు తోడ్పడ్డారు. ఆ జమీందారీలోనే 1930ల చివర నండూరి ప్రసాదరావు వంటివారి నాయకత్వాన రైతులు తిరగబడ్డారు. గ్రంథాలయాన్ని పోషించిన చేయి రైతు పాలిటి చేయి కూడా. ఈ వైరుధ్యాన్ని దాచి రాస్తే అది చరిత్ర కాదు, స్తోత్రం.

1946–51 నాటి తెలంగాణలో జరిగింది ఒక విధంగా అంతర్యుద్ధమే. ఊళ్లు దొరల పక్షంగా, సంఘం పక్షంగా చీలాయి. నిజాం పోలీసు అధికారం మునగాల పొలిమేర దగ్గర ఆగిపోయేది. అప్పటికే పోరాడి ఉన్న రైతులు అక్కడ కార్యకర్తలకు నీడనిచ్చారు. జనసంఖ్య కొద్ది, ప్రయోజనం పెద్ద.

అయితే ఈ బలం మట్టిలో లేదు, రెండు ప్రభుత్వాల మధ్య తేడాలో ఉంది. 1948లో మద్రాసు ప్రభుత్వం కమ్యూనిస్టులపై విరుచుకుపడగానే ఆ తేడా కరిగిపోసాగింది. సెప్టెంబరు 13న మొదలైన సైనిక చర్యలో బెజవాడ వైపు నుంచి సేనలు సూర్యాపేట దారినే సాగాయి. ఇక ఇరువైపులా ఒకే రాజ్యం. ఆశ్రయమైన నేలే బోనుగా మారింది. పోరాటం అడవులకు మళ్లి, 1951 అక్టోబరులో విరమణతో ముగిసింది. 1959లో మునగాల నల్లగొండ జిల్లాలో కలిసింది.

అందుచేత ఆ కాలం గురించి రాసేవారు పాత్రల ధైర్యాన్ని తూచే ముందు వారి పొలిమేరలను తెలుసుకోవాలి. ఎవరి పోలీసు ఎక్కడ ఆగాడు, ఏ దారి ఎటు పోయింది అని అడగాలి. అది అడగకుండా ఒక ప్రాంతాన్ని వీరభూమి అనీ, మరొక ప్రాంతాన్ని నిద్రాణమనీ తీర్పు చెప్పడం ఆ ప్రజలకు చేసే అన్యాయం.