క్లిక్‌మనే ముందు... ఏం తొడుగుదాం?

నల్గొండలో ఓ ఇంటి ముచ్చట ఇది. దసరా సెలవులకు ఇంటిల్లిపాదీ కలిశారు. 'ఎట్లాగూ అందరం ఉన్నం, పిల్లలతోని మంచిగ ఒక ఫొటో దిగుదాం' అంది నానమ్మ. అంతే, హడావుడి మొదలు! అయిదేళ్ల పాపకు నెట్ గాగ్రా, ఎనిమిదేళ్ల బాబుకు రాళ్లు కుట్టిన షేర్వాణీ కొన్నారు. స్టూడియోలో లైట్లు వెలిగాయి. పాప మెడ గోక్కుంటోంది. బాబు కాలరు లాక్కుంటున్నాడు. 'నవ్వమ్మా, నవ్వు నాన్నా' అని అమ్మ బతిమాలింది. 'ఒక్క నిమిషం కదలకుండా ఉండలేరారా' అని నాన్న కసిరాడు. పాప కళ్లల్లో నీళ్లు... క్లిక్!

ఆ ఫొటో గోడకెక్కితే పాతికేళ్లు అక్కడే ఉంటుంది. పాప పెళ్లినాటికి కూడా చుట్టాలు అడుగుతూనే ఉంటారు, 'ఎందుకేడ్చింది?' అని. తప్పు పాపది కాదు, ఫొటోగ్రాఫర్‌దీ కాదు. బట్టలది!

కదలకుండా కూర్చున్న కాలం

ఫొటో అంటే బిగుసుకు కూర్చోవడం అనే అలవాటు మనకు పాతదే. తొలినాళ్ల కెమెరాల ముందు కొన్ని సెకన్లపాటు శిలావిగ్రహాల్లా ఉండాల్సి వచ్చేది. ఇంగ్లండులోనైతే తల్లి ఒంటినిండా గుడ్డ కప్పుకుని, కుర్చీలా కనిపిస్తూ వెనకనుంచి బిడ్డను పట్టుకునేది! మన హైదరాబాద్‌లో నిజాం ఆస్థాన ఛాయాగ్రాహకుడు రాజా దీన్‌దయాళ్ 1892లో ఆడవాళ్లకోసం ప్రత్యేకంగా జనానా స్టూడియో తెరిచాడు. అక్కడ ఫొటోలు తీసే బాధ్యత మిసెస్ కెన్నీ లెవిక్ అనే మహిళది. స్టూడియోకు వెళ్లడం ఆ రోజుల్లో గొప్పింటి వేడుక. ఉన్నవాటిలో ఖరీదైనవే వేసుకునేవారు.

ఇప్పుడు కన్ను మూసి తెరిచేలోగా ఫొటో పడిపోతోంది. కదలకుండా కూర్చోవాల్సిన అవసరం తీరింది. మరి పిల్లల్ని కదలనివ్వని బట్టలెందుకు?

మూడూళ్ల నేత

ఉమ్మడి నల్గొండ, మహబూబ్‌నగర్ జిల్లాలవాళ్లు పిల్లల పట్టులంగా కోసం ఎక్కడో వెతకనక్కర్లేదు. భూదాన్ పోచంపల్లి ఇప్పుడు యాదాద్రి భువనగిరి జిల్లాలో ఉంది. గద్వాల, నారాయణపేటలు వేరే జిల్లాలయ్యాయి. సరిహద్దులు మారినా మగ్గాలు మారలేదు. మూడింటి నేతకూ భౌగోళిక గుర్తింపు ఉంది.

పోచంపల్లి: నూలుకు ముందే ముడులు కట్టి, రంగులద్ది, ఆ తర్వాత నేసే బట్ట ఇది. అందుకే పువ్వు అంచులు కాస్త చెదిరినట్టుంటాయి. ఫొటోలో అది అందమే! కానీ పెద్దపెద్ద డిజైన్లు పసివాళ్లను మింగేస్తాయి. మూడేళ్ల పిల్లకు చిన్న గుర్తులున్నది తీసుకోండి. కొనేటప్పుడు బట్టను తిరగేసి చూడండి. అసలైన ఇక్కత్ రెండువైపులా దాదాపు ఒకేలా ఉంటుంది. అచ్చువేసినదైతే వెనక వెలిసినట్టుంటుంది. నేసేముందు ఆసు పోయడానికి ఆడవాళ్లు చేతిని వేలసార్లు అటూ ఇటూ తిప్పేవారు. తల్లి పడే ఆ బాధ చూడలేకే చింతకింది మల్లేశం ఆసు యంత్రం తయారుచేశారు. 2017లో పద్మశ్రీ అందుకున్నారు.

గద్వాల: ఒళ్లంతా నూలు, అంచూ కొంగూ పట్టు. పిల్లలకు ఇంతకంటే హాయైనది ఏముంది? ఒంటికి మెత్తగా ఉంటుంది, కంటికి పట్టులా కనిపిస్తుంది.

నారాయణపేట: గళ్లకూ, నిండైన అంచుకూ పేరు. అయితే మరీ సన్నటి గళ్లు, సన్నటి చారలు డిజిటల్ ఫొటోలో అలలు అలలుగా కనిపించొచ్చు. కాస్త పెద్ద గళ్లు ఎంచుకుంటే ఆ బెడద ఉండదు.

కెమెరా కన్ను వేరు

మన కంటికి నచ్చినదల్లా కెమెరాకు నచ్చదు. తళతళలాడే జరీ, అద్దాలు, రాళ్లు ఫ్లాష్ పడగానే తెల్లటి మచ్చలవుతాయి. మెడ దగ్గర ముదురు ఎరుపు, చిలకపచ్చ ఉంటే ఆ రంగు గడ్డం కింద ప్రతిఫలిస్తుంది. ముదురు రంగును లంగాకు ఉంచి, జాకెట్టుకు కాస్త నెమ్మదైన రంగు వేయండి. అందరికీ ఒకే రంగు యూనిఫారంలా కుట్టించొద్దు. పాప లంగా అంచులోని రంగు బాబు లాల్చీకి, అమ్మ జాకెట్టుకు వస్తే చాలు, అందరూ ఒకింటివాళ్లని తెలిసిపోతుంది.

కుట్టించే ముందు

లంగా లోపల మడత వదిలి, టక్కులు వేయించండి. రెండుమూడేళ్లు పనికొస్తుంది. జాకెట్టుకు మెత్తటి నూలు లైనింగ్ తప్పనిసరి. చిన్నపిల్లలకు నాడాకంటే ఎలాస్టిక్ నయం. బాబుకు పంచె జారిపోతుందన్న భయముంటే కుట్టిన పంచెలు దొరుకుతాయి. పాత చీర కోస్తున్నారా? ముందు వెలుతురుకు ఎత్తి చూడండి, మడతల దగ్గర పట్టు చిట్లిపోతుంది. ఒక చీరలో పాప లంగా పోను, బాబు లాల్చీకి పట్టీలు కూడా వస్తాయి.

అన్నిటికన్నా ముఖ్యం: కొత్త బట్టల్ని ఒకరోజు ముందే ఇంట్లో తొడిగి గంటసేపు ఆడనివ్వండి. ఎక్కడ గుచ్చుకుంటోందో వాళ్లే చెప్తారు. ఫొటోరోజు పిల్లలకు తిండిపెట్టి, కునుకు తీయించి తీసుకెళ్లండి. బట్టలు స్టూడియోలోనే మార్చండి. ఒక మామూలు జత వెంట ఉంచుకోండి.

ఇంతకీ ఆ ఇంట్లో ఏం జరిగింది? సంక్రాంతి ముందు నానమ్మ పెట్టె తెరిచింది. తన పెళ్లినాటి గద్వాల చీర తీసి కోడలి చేతిలో పెట్టింది. 'దీన్ని ఎట్ల కోస్తమత్తమ్మా!' అని కోడలు వెనక్కి జరిగింది. 'పెట్టెల ఉంటే పురుగు కొడ్తది బిడ్డా. పిల్ల ఒంటి మీదుంటే కండ్లజూస్త' అంది ముసలమ్మ.

పండగరోజు అదే స్టూడియో, అవే లైట్లు. పాప లంగా పట్టుకుని గిర్రున తిరిగింది. ఎవరూ నవ్వమని చెప్పలేదు. కుచ్చులు విచ్చుకున్న ఆ క్షణంలోనే క్లిక్‌మంది. ఇప్పుడు గోడమీద ఉన్నది ఆ ఫొటోనే. అందులో పాప ఒక్కతే కనిపిస్తుంది. నానమ్మకు మాత్రం ఇద్దరు కనిపిస్తారు.